తెలుగు తెర తొలి శశిరేఖ.. ప్రొద్దుటూరు సుబ్బమ్మ

మాయాబజార్ శశిరేఖ అనగానే మనకు సావిత్రి గుర్తొస్తుంది. అంతకు 21 ఏళ్ల ముందే తెలుగు టాకీలో శశిరేఖగా నటించి, తన పాట తానే పాడుకున్న పదహారేళ్ల పిల్ల ఒకరున్నారు. ఊరు కడప జిల్లా ప్రొద్దుటూరు, అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ, తెర పేరు శాంతకుమారి. తర్వాతి తరాలు ఆమెను ఎన్టీఆర్, ఏయన్నార్ల తల్లిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాయి. ఆ అమ్మ వెనక ఒక గాయని, ఒక కథానాయిక, ఒక నిర్మాత ఉన్నారు.

తెలుగు సినిమా చరిత్రలో రాయలసీమ వాటా ఎంత అని అడిగితే చాలామంది దర్శకుల పేర్లు, నిర్మాతల పేర్లు చెబుతారు. బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి అన్నదమ్ములు కడప జిల్లా వాళ్లు. కె.వి.రెడ్డిది తాడిపత్రి. ఈ ముగ్గురూ లేని తెలుగు సినిమాను ఊహించలేం. అదే వరసలో, అదే గౌరవంతో చెప్పుకోవాల్సిన ఆడపడుచు పేరు మాత్రం మన నోటికి వెంటనే రాదు. టాకీ పుట్టిన కొత్తల్లోనే తెరకెక్కి, మూడు తరాల నటీనటులతో కలిసి పనిచేసిన శాంతకుమారి 2006 జనవరి 16న చెన్నైలో కన్నుమూశారు. ఆమె బతికిన 85 ఏళ్ల కథలో తెలుగు సినిమా నడిచిన దారి దాదాపు మొత్తం ఉంది.

పెన్న ఒడ్డున పాట

సుబ్బమ్మ 1920 మే 17న పుట్టారు. తండ్రి శ్రీనివాసరావు రంగస్థల నటుడు. తల్లి పెద్ద నరసమ్మ శాస్త్రీయ సంగీతం, జానపదం రెండూ పాడేవారు. ఇంటిపేరు వెల్లాల. ప్రొద్దుటూరుకు దగ్గర్లో, రాజుపాళెం మండలంలో ఆ పేరుతోనే ఒక పల్లె ఉంది.

పెన్న ఉత్తరపు ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరుకు బంగారం వ్యాపారంలో, పత్తి వ్యాపారంలో పేరుంది. చదువుకూ అంతే పేరుంది. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి వంటి అవధానులు అక్కడ ఉండి కావ్యాలు రాశారు. పక్క తాలూకాల్లో వానల కోసం ఎదురుచూపులు తప్పకపోయినా, కర్నూలు దగ్గరి సుంకేసుల నుంచి వచ్చే కె.సి.కాలువ నీళ్లు అందిన మాగాణి ఈ చుట్టుపక్కల ఉంది. పంట ఉన్నచోట హరికథకు, నాటకానికి, పాటకచేరీకి ఆదరణ ఉంటుంది. తండ్రి వేషం, తల్లి పాట చూస్తూ వింటూ పెరిగిన పిల్లకు కళ ఇంట్లోనే దొరికింది. దానికి శాస్త్రం తోడు కావాలంటే మద్రాసు వెళ్లాలి.

అప్పట్లో ప్రొద్దుటూరుకు రైలు లేదు. మద్రాసు–బొంబాయి రైలు ఎక్కాలంటే ఎర్రగుంట్లే దిక్కు. సీమ పిల్లలకు పై చదువైనా, వ్యాపారమైనా, కోర్టు పనైనా అన్నిటికీ మద్రాసే. సుబ్బమ్మ చిన్న వయసులోనే ఆ ఊరు చేరి ప్రొఫెసర్ పి.సాంబమూర్తి దగ్గర కర్ణాటక సంగీతం, వయొలిన్ నేర్చుకున్నారు. దక్షిణాది సంగీతాన్ని పాఠ్యపుస్తకాల రూపంలోకి తెచ్చిన పండితుడాయన. అక్కడ ఆమె సహాధ్యాయి డి.కె.పట్టమ్మాళ్. తర్వాతి కాలంలో కర్ణాటక సంగీతంలో మహిళలకు కొత్త గౌరవం తెచ్చిన మహా విదుషీమణి పట్టమ్మాళ్ పక్కన కూర్చుని పాఠం నేర్చుకున్న గొంతు మన సుబ్బమ్మది. పదిహేనేళ్లకే గురువుగారి బృందంతో కలిసి దక్షిణాదిలో కచేరీలు చేశారు. మద్రాసు విద్యోదయ పాఠశాలలో పిల్లలకు సంగీతం నేర్పారు. సాలూరు రాజేశ్వరరావుతో కలిసి రేడియోలో పాడారు. అంటే సినిమా ఆమెను వెతుక్కుంటూ వచ్చేనాటికే ఆమె సొంత విద్యతో, సొంత సంపాదనతో నిలబడిన కళాకారిణి.

సురభి వేసిన బాట

ఒక సీమ పిల్ల ఆ రోజుల్లో తెర మీదికి రావడానికి వెనక ఇంకో కథ కూడా ఉంది. అది కూడా కడప జిల్లాదే.

చక్రాయపేట మండలంలో సురభి అనే చిన్న పల్లె. తోలుబొమ్మలాట ఆడించే ఆరె మరాఠీ కుటుంబాల వాళ్లు ఆ ఊళ్లో 1885లో మనుషులే పాత్రలుగా కీచకవధ నాటకం వేశారు. వనారస గోవిందరావు ఆ బృందానికి మూలపురుషుడు. తర్వాత ఆ ఊరి పేరే సమాజం పేరైంది. ఇంటిల్లిపాదీ నటులే కాబట్టి ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. మిగతా తెలుగు రంగస్థలం మీద మగవాళ్లు చీర కట్టి ద్రౌపదిగా, చంద్రమతిగా మెప్పిస్తున్న కాలమది. అప్పుడే సురభి కుటుంబాల తల్లులు, కూతుళ్లు, కోడళ్లు ముఖానికి రంగు వేసుకుని వేదిక ఎక్కారు.

తెలుగు టాకీకి తొలి కథానాయికను ఇచ్చింది కూడా సురభే. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర వేసిన సురభి కమలాబాయి ఆ సమాజం బిడ్డ. తల్లి దమయంతి వేషంలో వేదిక మీద ఉండగా నొప్పులొస్తే, తెర దించి పురుడు పోశారని, అలా పుట్టిన పిల్లే కమలాబాయి అని చెప్పుకుంటారు. హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ తొలి టాకీలో పాటలు ఆమే పాడుకున్నారు. అదే ఏడాది 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో శకుంతలగా నటించారు. నాటకం ఆడే ఆడమనిషిని సమాజం తక్కువ చూపు చూసిన రోజుల్లో, ఆ చూపును లెక్కచేయకుండా ముందు నడిచిన ఇలాంటి ఆడవాళ్ల వల్లే తర్వాతి వాళ్లకు దారి దొరికింది.

సురభి వాళ్ల చేతిలో అన్నిటికన్నా పేరుపడ్డ నాటకం మాయాబజార్. ఆకాశంలో ఎగిరే పాత్రలు, క్షణంలో మారే తెరలతో ఊరూరా జనాన్ని కట్టిపడేసిన కథ అది. ఆ కథే 1936లో ప్రొద్దుటూరు సుబ్బమ్మను సినిమాలోకి తెచ్చింది.

పేరు మారింది, గొంతు మారలేదు

వేల్ పిక్చర్స్ అప్పటికి మద్రాసులో కొత్త సంస్థ. అంతకుముందు తెలుగు సినిమా తీయాలంటే బొంబాయికో, కలకత్తాకో, కొల్హాపూర్‌కో పోవాలి. దర్శకుడు పి.వి.దాస్ మాయాబజార్ కథను తెరకెక్కించాలని పూనుకుని శశిరేఖ కోసం వెతుకుతున్నారు. ఒక సభలో ప్రార్థన పాడుతున్న సుబ్బమ్మ ఆయన కంట పడ్డారు. ముఖంలో అమాయకత్వం, గొంతులో శిక్షణ రెండూ ఉన్నాయి. ఇంట్లో పెద్దలు ససేమిరా అన్నారు. కచేరీ చేయడం వేరు, సినిమాలో వేషం కట్టడం వేరు అనుకునే కాలం. చివరికి పట్టుదల గెలిచింది.

సుబ్బమ్మ పేరు సినిమాకు పాతకాలపు పేరులా ఉందని దాస్ శాంతకుమారి అని మార్చారు. శశిరేఖా పరిణయం అనే పేరు కూడా ఉన్న ఆ 'మాయాబజార్' 1936లో విడుదలైంది. శశిరేఖకు పదహారేళ్లు. అభిమన్యుడిగా నటించిన సాలూరు రాజేశ్వరరావుకు పద్నాలుగే. పాటలో ఆరితేరిన ఇద్దరు పిల్లలు ప్రేమికులుగా నిలబడ్డ సినిమా అది.

ఆ రోజుల్లో నటన అంటే ఏమిటో ఈ తరం పాఠకులకు చెప్పాలి. నేపథ్యగానం ఇంకా రాలేదు. కెమెరా తిరుగుతుండగానే నటి పాడాలి. వాద్యగాళ్లు కెమెరాకు కనపడకుండా పక్కనే కూర్చుని వాయించేవాళ్లు. శ్రుతి తప్పితే షాట్ మొత్తం మళ్లీ మొదటి నుంచి. ముఖంలో భావం, నోట్లో స్వరం, అడుగులో లెక్క మూడూ ఒకేసారి కుదరాలి. తెలుగులో ఒకరు పాడితే మరొకరు పెదవి కదిపే పద్ధతి 1943 నాటి 'భాగ్యలక్ష్మి'తో మొదలైంది. అందులో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడారు. శాంతకుమారి అప్పటికే ఏడేళ్లుగా ఆ మూడు పనులూ ఒక్కతే చేస్తున్నారు. సాంబమూర్తి శిష్యరికం ఆమెకు ఇచ్చిన బలం అది.

అదే ఏడాది హాలీవుడ్‌లో..

1936 డిసెంబర్‌లో హాలీవుడ్‌లో 'త్రీ స్మార్ట్ గర్ల్స్' అనే సినిమా విడుదలైంది. అందులో డియానా డర్బిన్ అనే పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్ల పాటలతో దేశాన్ని ఊపేసింది. దివాలా అంచున ఉన్న యూనివర్సల్ స్టూడియోను ఆమె పాటే నిలబెట్టిందని అక్కడి సినీ చరిత్రకారులు రాస్తారు. ఆమెకూ పేరు మార్చారు. కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టినప్పుడు ఆమె పేరు ఎడ్నా మే. శాంతకుమారి లాగే ఆమె కూడా తనను డైరెక్ట్ చేసిన మనిషినే చివరికి పెళ్లాడింది.

ఇద్దరి దారులు అక్కడి నుంచి వేరయ్యాయి. డర్బిన్ 1948 తర్వాత మళ్లీ సినిమా చేయలేదు. ముప్పై నిండకముందే స్టూడియోల పోరు విసుగెత్తి ఫ్రాన్స్ వెళ్లిపోయి, 2013లో చనిపోయేదాకా కెమెరాకు దూరంగానే బతికారు. శాంతకుమారి ముప్పై ఏళ్లకు రెండో జీవితం మొదలుపెట్టారు. కథానాయిక వేషాలు దాటిపోయాక ఇంటికి వెళ్లిపోకుండా, తెలుగు సినిమాకు కావలసిన మరో పాత్రను తన సొంతం చేసుకున్నారు. ఆ ఎంపికే ఆమెను మూడు తరాల ప్రేక్షకులకు ఇంటి మనిషిని చేసింది.

సారంగధర ఇచ్చిన తోడు

1937లో వచ్చిన 'సారంగధర'కు దర్శకుడు నెల్లూరు వాసి పి.పుల్లయ్య. అప్పటికే కన్నాంబను తెరకు పరిచయం చేస్తూ 'హరిశ్చంద్ర' తీసిన యువ దర్శకుడు. బందా కనకలింగేశ్వరరావు సారంగధరుడైతే, సవతి కొడుకు మీద మోహం పెంచుకునే చిత్రాంగి వేషం శాంతకుమారిది. నాటకాల్లో కాకలుతీరిన నటులు వేసే పాత్రను పదిహేడేళ్ల అమ్మాయి మోసింది. ఆ సినిమా పనిలోనే పుల్లయ్య, శాంతకుమారి ఒకరినొకరు ఇష్టపడ్డారు. అదే ఏడాది పెళ్లి చేసుకున్నారు.

1939లో పుల్లయ్య 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' తీశారు. సి.ఎస్.ఆర్.ఆంజనేయులు వేంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి. తిరుమలకు తొలి గడపగా భక్తులు కొలిచే దేవుని కడప ఉన్న జిల్లా, అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఉన్న నేల ఆమెది. అక్కడి బిడ్డ అలిమేలుమంగగా తెర మీద కనిపించడం కడప వాళ్లకు గర్వకారణమే.

1941లో పుల్లయ్య 'ధర్మపత్ని' తీశారు. శాంతకుమారి, భానుమతి నటించిన ఆ సినిమాలోనే చిన్న వేషంతో ఒక కుర్రవాడు తొలిసారి తెర మీద కనిపించాడు. ఆ కుర్రవాడు అక్కినేని నాగేశ్వరరావు. 1943 నాటి 'కృష్ణప్రేమ'లో శాంతకుమారి రాధ, భానుమతి సత్యభామ, టంగుటూరి సూర్యకుమారి నారదుడు. ముగ్గురూ గాయనీమణులే. సూర్యకుమారి తర్వాత న్యూయార్క్ రంగస్థలం మీద టాగూర్ నాటకంలో నటించి అక్కడి విమర్శకుల మెప్పు పొందారు. 1945లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాయలోకం'లో శాంతకుమారి, అక్కినేని కలిసి నటించారు. తొలి పదేళ్లలోనే ఇన్ని మలుపుల్లో ఆమె ఉన్నారు.

ముప్పైకే అమ్మ

1950 ఏప్రిల్‌లో విజయా వారి మొదటి సినిమా 'షావుకారు' వచ్చింది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. సురభి కమలాబాయి లీలావతిగా నటించిన తొలి టాకీలో చిన్న వేషం వేసిన ప్రసాదే ఈయన. ఊళ్లో వడ్డీ వ్యాపారి చెంగయ్యగా గోవిందరాజుల సుబ్బారావు, ఆయన భార్య శాంతమ్మగా శాంతకుమారి, కొడుకు సత్యంగా ఎన్టీఆర్, పక్కింటి సుబ్బులుగా జానకి. ఎన్టీఆర్ కన్నా శాంతకుమారి మూడేళ్లే పెద్ద.

ఆ సినిమాను ఇవాళ మళ్లీ చూస్తే శాంతమ్మ పాత్ర ఎంత జాగ్రత్తగా వేశారో తెలుస్తుంది. మొగుడి మాటకు ఎదురు చెప్పదు, కానీ అన్యాయం అనిపిస్తే ముఖం దాచుకోదు. పక్కింటితో పంతాలు పెరుగుతుంటే ఆమె పడే బాధ మాటల్లో కన్నా చూపుల్లో ఎక్కువ కనపడుతుంది. చెంగయ్య ఎంత గట్టిగా అరిస్తే, శాంతమ్మ అంత మెల్లగా మాట్లాడుతుంది. రచ్చబండ కాడ మగవాళ్లు తెంచుకున్న బంధాలను వంటింటి పక్కన నిలబడి మోసే ఆడవాళ్లను పల్లెల్లో చూసినవాళ్లకు ఆ పాత్ర బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తుంది.

తమ ఈడు హీరోలకు తల్లి కావలసి రావడం తెలుగు నటీమణులకే వచ్చిన కష్టం కాదు. 'ది మాల్టీస్ ఫాల్కన్'లో 1941లో నాయికగా మెరిసిన మేరీ ఆస్టర్‌ను మూడేళ్లకే, 1944లో 'మీట్ మీ ఇన్ సెయింట్ లూయిస్' సినిమాలో నలుగురు కూతుళ్ల తల్లిగా నిలబెట్టారు. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆ తల్లి వేషాలతో విసిగిపోయానని ఆమె తర్వాత రాసుకున్నారు. మగవాడికి యాభైలో కూడా నాయకుడి వేషం దొరుకుతుంది, ఆడమనిషికి ముప్పైలోనే తల్లి వేషం అంటగడతారు. ఈ అన్యాయం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. శాంతకుమారి గొప్పతనం ఎక్కడుందంటే, చిన్నచూపుతో ఇచ్చిన ఆ వేషాన్నే కథకు వెన్నెముకగా మార్చి చూపించారు.

అత్తగా, సవతి తల్లిగా

1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. గుడారాల్లో కచేరీలు నడిచిన రోజులవి. రాజధాని కర్నూలులో ఉంది, తెలుగు సినిమా మాత్రం మద్రాసులోనే ఉంది. అక్కడ తయారైన బొమ్మలు కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు హాళ్లకు, అక్కడి నుంచి పల్లెల్లోని టూరింగ్ టాకీసులకు వచ్చేవి. నేల టికెట్టు కొని చూసిన ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ ఇంటికి పోయిన సినిమాల్లో 1955 నాటి 'అర్ధాంగి' ఒకటి.

దర్శకుడు పుల్లయ్య. బెంగాలీ నవల 'స్వయంసిద్ధ' ఆధారం. జమీందారు రెండో భార్యగా శాంతకుమారి, ఆమె సొంత కొడుకు నాగుగా జగ్గయ్య, సవతి కొడుకు రఘుగా అక్కినేని. సవతి కొడుకు మొద్దుగా పెరుగుతుంటే పట్టించుకోదు. సొంత కొడుకు చెడిపోతుంటే గారాబం చేస్తుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన సావిత్రి మొగుణ్ని మనిషిని చేస్తుంది. ఈ కథలో అత్తను రాక్షసిగా చూపించడం చాలా తేలిక. శాంతకుమారి అలా చేయలేదు. పెద్దింటి దర్పం, కొడుకు మీద గుడ్డి ప్రేమ, తప్పు తెలిసొచ్చాక వచ్చే సిగ్గు ఈ మూడింటినీ ఒక్క మనిషిలో చూపించారు. కోడలితో ఆమె తలపడే దృశ్యాల్లో ఇద్దరు గొప్ప నటీమణులు సమానంగా నిలబడ్డారు.

ఈ ఇద్దరి మధ్య ఇంకో బంధం కూడా ఉంది. 1957 మార్చి 27న విజయా వారి 'మాయాబజార్' విడుదలైంది. సావిత్రి శశిరేఖ. ప్రొద్దుటూరు పిల్ల 1936లో వేసిన వేషం సావిత్రికి చేరింది. అప్పటి అభిమన్యుడు సాలూరు రాజేశ్వరరావు ఈ సినిమాకు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతా పాటలు ఘంటసాల పూర్తి చేశారు. దర్శకుడు తాడిపత్రి కె.వి.రెడ్డి. నిర్మాతల్లో ఒకరు కడప జిల్లా నాగిరెడ్డి. సురభి పల్లె పేరు మోసిన నాటక సమాజం, ప్రొద్దుటూరు శశిరేఖ, తాడిపత్రి దర్శకుడు.. మాయాబజార్ మీద సీమకు ఉన్న హక్కు చిన్నది కాదు.

పద్మావతి నుంచి వకుళ దాకా

1960 జనవరిలో పుల్లయ్య తన పాత కథను మళ్లీ తీశారు. పద్మశ్రీ పిక్చర్స్ వారి 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'. కూతురి పేరుతో భార్యాభర్తలిద్దరూ నిలబెట్టిన సంస్థ పద్మశ్రీ. ఎన్టీఆర్ వేంకటేశ్వరుడు. పద్మావతిగా సావిత్రి. ఇరవై ఒక్క ఏళ్ల కిందట పద్మావతిగా నటించిన శాంతకుమారి ఈసారి వకుళమాత.

ఒకే నటి ఒకే కథలో మొదట కోడలిగా, తర్వాత అత్తగా నిలబడే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది? శశిరేఖ, పద్మావతి రెండు పాత్రలూ ఆమె నుంచి సావిత్రికే చేరాయి. మహానటి అని మనం తలచుకునే సావిత్రికి ముందు ఆ దారిలో నడిచిన పెద్దక్క ఈమె.

వకుళ పాత్రకు పురాణంలో పెద్ద కథ ఉంది. కృష్ణుణ్ని పెంచిన యశోద, ఆయన కల్యాణాల్లో ఒక్కటీ చూడలేకపోయాననే కొరతతో మళ్లీ వకుళగా పుట్టిందని, శ్రీనివాసుడి పెళ్లి తానే జరిపించిందని చెబుతారు. యుగాల పాటు ఎదురుచూసిన తల్లి ఆమె. ఆ ఎదురుచూపును చూపించడానికి శాంతకుమారికి నటనతో పాటు పాట కూడా ఉంది. నేపథ్యగానం పూర్తిగా స్థిరపడిన 1960లో, దాదాపు నలభై ఏళ్ల వయసులో, పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో వకుళ పాటను ఆమే పాడారు. సాంబమూర్తి దగ్గర నేర్చిన విద్య పాతికేళ్ల తర్వాత కూడా ఆ గొంతులో చెక్కుచెదరలేదు. సినిమా ఆడిన థియేటర్లలో వేంకటేశ్వరుడి విగ్రహాలు పెట్టి, హుండీలు కట్టి, జనం దండాలు పెట్టుకున్నారు. కొండకు పోలేని పేదవాళ్లకు ఆ హాలే కొండ అయింది.

పుల్లయ్య దర్శకత్వంలో 'కన్యాశుల్కం', 'జయభేరి', 'సిరిసంపదలు', 'ప్రేమించి చూడు' వంటి సినిమాలు వచ్చాయి. దర్శకుడి భార్య అంటే ఇంట్లో కూర్చునే మనిషి అనుకునే పరిశ్రమలో శాంతకుమారి నటిగా, గాయనిగా, సంస్థ భాగస్వామిగా పక్కన నిలబడ్డారు. 1971లో కె.ఎస్.ప్రకాశరావు 'ప్రేమ్‌నగర్' తీసినప్పుడు జమీందారీ దర్పం ఉన్న తల్లి పాత్రకు ఆమెనే వెతుక్కున్నారు. ముప్పై ఏళ్ల కిందట 'ధర్మపత్ని'లో చిన్న పిల్లవాడిగా వచ్చిన అక్కినేని ఇప్పుడు ఆమె చిన్న కొడుకు కల్యాణ్. పరువు కోసం కొడుకు ప్రేమకు అడ్డుపడి, కొడుకు చావుబతుకుల్లో పడ్డాక కరిగిపోయే తల్లిగా ఆమె చేసిన పాత్రను తమిళ 'వసంత మాళిగై'లో శివాజీ గణేశన్ తల్లిగా మళ్లీ చేశారు.

పుల్లయ్య 1985 మే 29న పోయారు. ఆయనకు 1981లో రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చారు. తర్వాతి కాలంలో అదే పురస్కారం శాంతకుమారినీ వరించింది. తెలుగు సినిమాకు చేసిన సేవకు భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా ఆ గౌరవం దక్కడం అరుదు.

ఆమెలో ఏముంది?

తెలుగు సినిమా తల్లుల్లో కన్నాంబది గాంభీర్యం, రుష్యేంద్రమణిది రాజసం, హేమలతది దైన్యం. శాంతకుమారిది నిదానం. ఆమె ఏడ్చినప్పుడు కూడా గొంతు శ్రుతి దాటదు. మాట విరుపులో సంగీతం తెలిసిన మనిషి లెక్క కనపడుతుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి వదలాలో, ఏ అక్షరం మీద బరువు పెట్టాలో ఆమెకు తెలుసు. అందుకే డైలాగు చిన్నదైనా మనసులో ఉండిపోతుంది. రంగస్థలం నుంచి వచ్చిన నటులు గట్టిగా చెప్పడం అలవాటుగా తెచ్చుకుంటే, కచేరీ నుంచి వచ్చిన ఈమె మెల్లగా చెప్పడం తెచ్చారు. మైకు ముందు మెల్లగా చెప్పినా చాలు అని తెలుగు నటన నేర్చుకుంటున్న తొలి దశలోనే ఆమె దాన్ని చేసి చూపించారు.

ఇంకో మాట చెప్పాలి. అమ్మ వేషం మీద మన విమర్శకు ఎప్పుడూ చిన్నచూపే. హీరోల మీద పుస్తకాలు వచ్చాయి, హీరోయిన్ల మీద సినిమాలు వచ్చాయి. కథను నడిపించిన తల్లుల మీద, అత్తల మీద రాసింది చాలా తక్కువ. 'అర్ధాంగి'లో ఆ సవతి తల్లి లేకపోతే సావిత్రి పాత్రకు ఎదురేది? 'ప్రేమ్‌నగర్'లో ఆ తల్లి గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడకపోతే ఆ ప్రేమకథకు కష్టమేది? శాంతకుమారి నటనను సినిమా చరిత్రలో పక్కవాయిద్యంగా రాయడం తప్పు. ఆమె ఒక కాలపు ప్రధాన గాయని, ప్రధాన నటి.

మనం చేయగలిగింది

1930ల నాటి తెలుగు టాకీల్లో అనేకం ఈరోజు చూద్దామన్నా దొరకవు. నైట్రేట్ ఫిల్ము నిప్పుకు, వేడికి తట్టుకోలేదు. కాపాడాలనే ఆలోచన మనకు ఆలస్యంగా వచ్చింది. పుణె జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టిందే 1964లో. అప్పటికే తెలుగు టాకీకి ముప్పై రెండేళ్లు. పాత పాటల పుస్తకాలు, పోస్టర్లు, గ్రామఫోన్ రికార్డులు ఇంకా కొన్ని ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉండే అవకాశం ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, నంద్యాల, కర్నూలు పాత కుటుంబాలవాళ్లు, పాత హాళ్ల యజమానులు ఒకసారి వెతికి చూడాలి. కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. కర్నూలులో టి.జి.వి. కళాక్షేత్రం ఉంది. దొరికిన ప్రతి కాగితాన్నీ, ప్రతి రికార్డునూ ఇలాంటి చోట్ల భద్రపరిస్తే సీమ సినిమా చరిత్రకు ఒక పునాది ఏర్పడుతుంది. అందులో సురభి కమలాబాయికి, శాంతకుమారికి చెరో గది ఉండాలి.

ప్రొద్దుటూరు పెద్దలకు ఒక విన్నపం. మే 17 శాంతకుమారి పుట్టినరోజు. ఆ రోజు ఊళ్లో 'షావుకారు', 'అర్ధాంగి' పిల్లలకు చూపించండి. పాట నేర్చుకునే ఆడపిల్లలతో ఆమె పేరు మీద ఒక కచేరీ పెట్టించండి. మన వీధుల్లోనే పుట్టిన సుబ్బమ్మ తెలుగు తెర తొలి శశిరేఖ అని వాళ్లకు చెప్పండి. సినిమా అంటే ఎక్కడో దూరాన ఉన్న లోకమనుకునే సీమ పిల్లకు ఆ ఒక్క మాట ఎంతో ధైర్యం ఇస్తుంది.